వనభోజనము – వంట విధానము

కార్తీకమాసము వచ్చినంతనే తెలుగువారి యిండ్లలో వనభోజనముల మాట వినబడును. ఉసిరిచెట్టు నీడను పొయ్యి పెట్టి, వండి, బంధుమిత్రులతో గూడి పంక్తిలో కూర్చుండి భుజించుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. కన్నడ సోదరులకును ఇట్టి ఆచారములు కలవు. ఉత్తర కర్ణాటకమున ఎళ్ళ అమావాస్య నాడు రైతులు కుటుంబముతో పొలమునకు పోయి, భూమాతకు నైవేద్యమిడి, చేనిలో చరగ చల్లి, చెట్టు క్రింద కలసి భోజనము చేయుదురు. పాఠశాలల విహారయాత్రలును, స్కౌటు గైడు శిబిరములును ఈ పాత యాచారమునకే క్రొత్త రూపములని చెప్పవచ్చును.

అయితే నేటి విహారయాత్రలలో వంట యన్నది దాదాపు కనబడుట లేదు. హోటలునుండి పొట్లములు తెచ్చుకొని తిని, కాగితములు అచ్చటనే పారవైచి వచ్చుట పరిపాటి యైనది. దహనక్రియను గూర్చి పరీక్షలో చక్కని సమాధానము వ్రాయగల విద్యార్థి, మూడు రాళ్ళ నడుమ నాలుగు పుల్లలు రగిల్చి అన్నము వండుమనిన దిక్కులు చూచును. ఇది అతని తప్పు గాదు. గ్యాసు పొయ్యి మీట త్రిప్పిన మంట వచ్చును, త్రిప్పిన తగ్గును. కట్టెల నిప్పునకు మీట లేదు. దాని స్వభావము నెరిగి దానితో మెలగవలెను. ఆ యెరుక లేనివాడు అన్నము మాడ్చుటయే గాక, చేతులు కాల్చుకొనును; ఒక్కొక్కప్పుడు చేలకును కొండలకును నిప్పు పెట్టును. కావున విద్యార్థులు ఆరుబయట వంటను క్రమముగా నేర్చుకొనుట ఎంతయు అవసరము. అందుకు కావలసిన ముఖ్యాంశములు ఈ వ్యాసమున వివరింపబడుచున్నవి.

నిప్పునకు గల పేర్లు

వంట నేర్చుకొనుటకు ముందు నిప్పు ఏయే దశలలో నుండునో తెలిసికొనవలెను. ఇందు మన భాష మనకు గొప్ప సహాయము చేయును. ఒక్కొక్క దశకు తెలుగున ఒక్కొక్క పేరున్నది.

కట్టె అంటుకొని నాలుకలు చాచి మండునది మంట. మంటకు ఎడముగా మనకు తగులు వేడి సెగ. కట్టె చివర కాలుచు చేతబట్టుటకు వీలైనది కొరివి. మంట తగ్గి, కట్టె ఎర్రగా కణకణలాడుచు ముక్కలైనపుడు అవి నిప్పులు. నిప్పులు చితికి బూడిదతో కలసి వేడిగా నున్న పోగు కుమ్ము. పైన తెల్లని పొడి కప్పుకొని లోన కాలుచున్నపుడు ఆ పొడి నివురు. అంతయు చల్లారిన పిదప మిగిలినది బూడిద. కాలక నల్లగా మిగిలినది బొగ్గు.

ఇవి నిఘంటువు కొరకు కూర్చిన మాటలు గావు; వంటవారు పనికొరకు చేసికొన్న విభాగములు. ఎసరు మరగుటకు మంట కావలెను. రొట్టె కాలుటకు సెగ కావలెను. వంకాయ కాల్చుటకు నిప్పులు కావలెను. దుంపలు మగ్గుటకు కుమ్ము కావలెను. ఏ పనికి ఏ దశ తగునో తెలిసినవానికి సగము వంట వచ్చినట్లే. మంట మీద దుంపను వేసిన పైన మాడి లోన పచ్చిగా నుండును. కుమ్ములో ఎసరు పెట్టిన సాయంకాలమునకు గూడ మరుగదు.

సరిహద్దు జిల్లాలో పెరుగుచున్న మన బాలబాలికలు పాఠ్యపుస్తకమున తెలుగు చదువుచున్నారు. బజారున కన్నడము మాటలాడుచున్నారు. సెగ, కుమ్ము, నివురు వంటి మాటలు పుస్తకములలో అరుదుగా వచ్చును. అవి పొయ్యి యొద్ద అవ్వల నోట వినవలసిన మాటలు. పొయ్యి పోయిన యింట ఆ మాటలు వినబడు తావు గూడ లేదు. నెలల తరబడి వల్లెవేసినను రాని మాటలు ఒక్క వనభోజనమున వచ్చునన్న సంగతిని ఉపాధ్యాయులు గమనింతురు గాక.

చోటు, రాళ్ళు, కట్టెలు

మొదట చోటు నెన్నుకొనవలెను. చుట్టును రెండు బారల మేర ఎండుగడ్డి, ఆకులు లేకుండ ఊడ్చి, నేల కనబడునట్లు చేయవలెను. పైన చెట్టుకొమ్మలు వ్రాలియుండరాదు. గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో చూచి, పొయ్యి నోరు ఆ దిక్కునకు పెట్టినచో నిప్పు చక్కగా రాజుకొనును. వండువారు ప్రక్కన కూర్చుండినచో పొగ కన్నులలో పడదు. వంటకు ముందే రెండు బిందెల నీరు పొయ్యి ప్రక్కన నుంచవలెను. ఆ నీరు వంటకు గాదు, నిప్పునకు.

పొయ్యిరాళ్ళ విషయమున జాగ్రత్త అవసరము. తుంగభద్ర, హగరి వంటి ఏళ్ళలో తడిసియున్న గుండ్రాళ్ళను పొయ్యికి వాడరాదు. వాని లోపలి తడి ఆవిరియై, వెలికి రాలేక, రాయిని పగులగొట్టును. ముక్కలు ముఖమున తగులును. ఎండలో పొడిగా నున్న రాళ్ళనే తీసికొనవలెను. పెద్ద బండల నానుకొని కూడ నిప్పు వేయరాదు. దక్షిణదేశపు రాతిపనివారు పూర్వము బండ మీద మంట వేసి, ఆ వేడికి రాతిపొరలు లేచునట్లు చేసి పలకలు తీసెడివారు. వారికి పనికివచ్చిన ఆ ధర్మమే శాసనములకును, శిల్పములకును నాశకారణ మగును. హంపి 1986లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. అచ్చటి మండపములలో గాని, బండల చెంత గాని పొయ్యి పెట్టుట మహాపరాధము. అభయారణ్యములలోను, రక్షితారణ్యములలోను నిప్పు రాజేయుట చట్టవిరుద్ధము. 1994లో ఏర్పడిన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యమునకు పోవువారు ఇంట వండుకొన్నదే కొనిపోయి, మెతుకైన మిగల్పక తిరిగి రావలెను. వంటకు సొంతదారుల అనుమతితో తోటలు, కోతలైన చేలు, పాఠశాల ఆవరణలు మిక్కిలి యనుకూలములు.

కట్టెలలో తుమ్మ శ్రేష్ఠము. ఈ సీమలో ఎచ్చట చూచినను పెరుగు సర్కారు తుమ్మ కూడ బాగుగ మండి గట్టి నిప్పులనిచ్చును. దాని ముండ్లు మాత్రము చూచుకొనవలెను. చింతకట్టె నిప్పు చాలసేపు నిలుచును. జొన్నదంటు, కందికట్టె త్వరగా రాజుకొని త్వరగా ఆరును గనుక అంటించుటకు వాడవలెను. గన్నేరు కట్టెను పొయ్యిలో గాని, రొట్టె చుట్టు పుల్లగా గాని ఎన్నడును వాడరాదు, అది విషవృక్షము. పాలు గారు జిల్లేడు, జెముడు కూడ వర్జనీయములే.

పచ్చికట్టె ఎందుకు పొగ గ్రమ్మును? కట్టెలోని నీరు ఆవిరియగుటకే తొలుత వేడి ఖర్చగును. కట్టె నుండి వెలువడిన వాయువులు మండుటకు చాలినంత వేడి లేక, అట్లే గాలిలో కలియును. పొగ యనగా కాలని కట్టె యనియే భావింపవలెను. ఎండుకట్టె వాడిన కన్నులకు సుఖము, కట్టెకు పొదుపు. ఈ విషయము మన పూర్వులకు బాగుగ తెలియును. విజయనగరమున శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనముల వర్ణన ఉన్నది. ముసురు పట్టిన దినములలో పొగ కన్నులకు సోకకుండ అతని భార్య ఎండిన నారికేళపు పొరలతో వంట చేసినట్లు కవి చెప్పెను. రాజ్యమేలిన మహారాజు వంటింటి పొగను గమనించుట మెచ్చదగిన విషయము.

నిప్పు రాజేయుట

భారతమున నలోపాఖ్యానమునందు బాహుకుడు పిడికెడు గడ్డి పట్టుకొన్నంతనే నిప్పు పుట్టినదట. చూచినంతనే వట్టి కుండలు నీటితో నిండినవట. మనకట్టి వరములు లేవు గనుక మూడు పోగులు సిద్ధము చేసికొనవలెను. మొదటిది పిడికెడు ఎండుగడ్డి లేక కొబ్బరిపీచు. రెండవది చిటికెన వ్రేలికంటె సన్నని చిదుగులు. మూడవది మణికట్టు లావు కట్టెలు. గడ్డిపై చిదుగులను గోపురమువలె నిలిపి క్రిందనుండి అంటించి, చిదుగులు బాగుగ మండిన పిదప కట్టెలను ఒక్కొక్కటిగ పెట్టవలెను. నడుమ గాలి పోవుటకు సందుండవలెను. అన్నిటిని ఒక్కమారు క్రుక్కిన నిప్పు ఊపిరాడక ఆరును. కిరోసిను, పెట్రోలు పోయుట ప్రాణాపాయకరము. విద్యార్థులు వానిని తేనేరాదు.

పది మందికి లోపైన మూడు రాళ్ళ పొయ్యి చాలును. అంతకు మించినచో గాడిపొయ్యి త్రవ్వవలెను. జానెడు వెడల్పు, జానెడు లోతు, మూడు నాలుగు మూరల పొడవున గాలి దిక్కునకు కాలువవలె త్రవ్వి, దానిపై రెండు మూడు పాత్రలను వరుసగా నుంచుటయే గాడిపొయ్యి. పెండ్లిండ్లలో వందల మందికి వండునది దీనిమీదనే. మంట గాడిలోనే యుండును గనుక గాలికి చెదరదు, నిప్పురవ్వలు తక్కువగా ఎగురును, కట్టె కలిసివచ్చును.

పాత్రలను పొయ్యి మీదికి ఎక్కించుటకు ముందు వెలుపలివైపున తడిపిన బూడిద గాని, బంకమట్టి గాని పలుచగా పూయవలెను. వంటైన పిదప మసి ఆ పూతతోడనే కడుగునపుడు పోవును.

పులగము

ఒకే పాత్రలో, ఒకే నిప్పుపై, క్రొత్తవారు సైతము చెడకుండ వండదగినది పులగము. ఎనిమిది మందికి కావలసినవి: బియ్యము 4 గ్లాసులు, పొట్టు పెసరపప్పు 1 గ్లాసు, నీరు 13 గ్లాసులు, జీలకర్ర 2 చెంచాలు, దంచిన మిరియాలు 1 చెంచా, తగినంత ఉప్పు, కొంచెము నెయ్యి. అన్నిటికిని ఒకే గ్లాసు కొలతగా వాడవలెను. ఉడికిన పిదప గింజ మూడింతలగును గనుక ఆరు లీటర్లు పట్టు పాత్ర అవసరము.

బియ్యమును, పప్పును కడిగి అరగంట నానబెట్టవలెను. ఈలోపల మంట మీద ఎసరు పెట్టవలెను. నీరు తెర్లినపుడు ఉప్పు, జీలకర్ర, మిరియాలు, నానినవి వేసి ఒకమారు కలుపవలెను. మరల తెర్లినంతనే కొరవులను వెనుకకు లాగి మంటను సగము చేయవలెను. ఇచ్చట విద్యార్థులు విజ్ఞానశాస్త్రమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మన మైదానమున నీరు సుమారు 100 డిగ్రీల వేడిమి వద్ద మరగును. మరగుచున్న నీటి క్రింద ఎంత మంట పెట్టినను దాని వేడిమి పెరుగదు. ఆవిరి మాత్రమే పెరుగును. కావున తెర్లిన పిదప పెట్టిన పెద్ద మంట వ్యర్థము. వేయి మీటర్ల ఎత్తుగల కొండపైన నీరు 97 డిగ్రీల కడనే మరగును గనుక అచ్చట అన్నము ఉడుకుటకు కొంచె మెక్కువసేపు పట్టును.

నీరు గింజ మట్టమునకు దిగినపుడు కట్టెల నన్నిటిని తీసివేసి, నిప్పులమీద పాత్రను ఉంచి, మూత పెట్టి, మూతపై నాలుగైదు నిప్పుకణికలు వేయవలెను. పావుగంటలో పులగము ఆవిరికి మగ్గి పొడిపొడిగ నగును. నెయ్యి వేసి దించవలెను. దీనికి శనగకాయల పచ్చడి మంచి తోడు. వేయించిన శనగగింజలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు ఇంటియొద్దనే పొడిచేసి తెచ్చుకొని, చింతపండు పులుసుతో కలిపిన పచ్చడి సిద్ధమగును.

నిప్పులలోను, కుమ్ములోను

పాత్ర లేకుండ వండదగినవి కొన్ని కలవు. నల్లని పెద్ద వంకాయలకు నూనె రాసి, కత్తిమొనతో నాలుగైదు చోట్ల పొడిచి నిప్పులపై నుంచవలెను. పొడువనిచో లోపలి ఆవిరికి కాయ పగులును. అటునిటు త్రిప్పుచు పావుగంట నుండి ఇరువది నిమిషములు కాల్చిన, తొక్క నల్లనై కాయ మెత్తబడును. మూతపెట్టిన గిన్నెలో అయిదు నిమిషములుంచి, తడిచేతితో తొక్క తీసి, కాల్చిన పచ్చిమిరపకాయలు, చింతపండు, ఉప్పు, కొత్తిమీర చేర్చి మెదిపి, పచ్చి ఎర్రగడ్డ తరిగి కలుపవలెను. ఎర్రగడ్డ యనగా కోస్తావారి ఉల్లిపాయ. కన్నడిగుల ఈరుళ్ళి, ఉళ్ళాగడ్డి.

చిలగడదుంపను రాయలసీమలో గెనుసుగడ్డ యందురు, కన్నడమున గెణసు. దీనిని కుమ్ములో పూడ్చి, పైన మరికొంత వేడిబూడిద కప్పి, ముప్పాతిక గంట వదలవలెను. బూడిద వేడిని నిదానముగా పంపును. అట్లు మెల్లగా వేడెక్కునపుడు దుంపలోని పిండి కొంత చక్కెరగా మారును; అందువలననే నీట ఉడికించిన గెనుసుకంటె కుమ్ములో కాలిన గెనుసు తియ్యగా నుండును. సన్నపుల్ల గ్రుచ్చిన సులభముగా దిగినచో పక్వమైనట్లు.

కాలము ననుసరించి చేలు కూడ వంటకములనిచ్చును. పాలుపట్టిన జొన్నకంకులను కుమ్ములో కాల్చి, నలిపి, పొట్టు ఊది తినునది ఊచబియ్యము. ఉత్తర కర్ణాటకమున దీనినే సీతని యందురు. పుష్య మాసమున నల్లరేగడి చేలలో దీనికి సమయము. శనగకాయ పీకునపుడు కాయలున్న చెట్లనే ఎండుకంప మంటలో వేసి కాల్చుకొని తినుట రైతుబిడ్డ లందరెరిగినదే. వీనిని కర్నూలు వైపున బుడ్డలందురు, కన్నడిగులు శేంగా యందురు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అందులో చేరినవి. బళ్ళారి మైసూరు రాష్ట్రమున కలిసినది. తాలూకాలు విడిపోయినను హద్దునకు ఇరువైపుల చేలలో కాల్చుకొను కంకి ఒక్కటే, పేర్లు రెండు. రెండు పేర్లును ఎరిగియుండుట సరిహద్దు విద్యార్థికి లాభమే గాని నష్టము గాదు.

తూర్పు కనుమలలో అరకు, మారేడుమిల్లి ప్రాంతముల గిరిజనులు పచ్చివెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసమును కూరి, ఆకులతో నోరు మూసి, నిప్పులపై త్రిప్పుచు కాల్తురు. నూనె లేకుండ, బొంగులోని తడికే అది ఉడుకును. మన వైపు వెదురు అరుదు గనుక, తడిపిన అరటియాకు నాలుగైదు పొరలుగా చుట్టి, నారతో కట్టి, కూరగాయ ముక్కలను కుమ్ములో మగ్గబెట్టవచ్చును. సూత్ర మొక్కటే: తడిగల కవచము ఆరువరకు లోపలి పదార్థము మాడదు.

రొట్టెలు

లోకమున స్కౌటులందరును నేర్చు తొలివంట పుల్లకు చుట్టిన రొట్టె. బేడెన్ పవెల్ 1907లో ఇంగ్లండులోని బ్రౌన్సీ ద్వీపమున మొదటి శిబిరమును నడపెను. 1909లో స్కౌటు ఉద్యమము బెంగుళూరులో అడుగిడినది. స్వాతంత్ర్యానంతరము వేర్వేరు సంఘములు కలసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినది. ఈ రొట్టెకు గోధుమపిండి, ఉప్పు, నీరు చాలును. గట్టిగా పిసికి, వ్రేలి లావున త్రాడువలె చేసి, తోలు తీసిన తుమ్మపుల్లకు చుట్టి, నిప్పులకు జానెడు ఎత్తున పట్టి త్రిప్పుచుండవలెను. పది పదునైదు నిమిషములలో కాలి, పుల్లనుండి తేలికగ ఊడివచ్చును. మంటలో పెట్టినచో పైన మాడును. ఓపిక పరీక్షింపదలచిన ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి సాధనము లేదు.

ఈ రొట్టె జొన్నపిండితో రాదు. గోధుమలోని జిగురు జొన్నలో లేదు. అందువలననే మన యవ్వలు జొన్నపిండిని మరగుచున్న నీటితో కలుపుదురు. వేడినీటికి పిండి కొంత ఉడికి బంకనెత్తును. ఆ పిండిని చేతితో తట్టి, పెనముపై వేసి, పైభాగమున నీటితో తడిపి, తడి ఆరగనే తిరుగవేసి, కడపట పొయ్యినోటి యొద్ద నిప్పుల సెగకు ఆనించిన పొంగును. ఇది ఒకనాటిలో వచ్చు విద్య గాదు. రానివారు ఎండబెట్టిన కడక్ రొట్టెలను ఇంటినుండి కొనిపోవుట మేలు. అవి చాల దినములు చెడవు.

పైన నిప్పులు, క్రింద నిప్పులు

పాశ్చాత్య దేశముల శిబిరములలో డచ్ ఓవెన్ అను పాత్ర ప్రసిద్ధమైనది. అది పోతయినుముతో చేసిన మందమైన కుండ. మూడు పొట్టి కాళ్ళుండును. మూతకు అంచు కట్టి యుండును. కాళ్ళ నడుమ కొన్ని నిప్పులు, మూతపై కొన్ని నిప్పులు ఉంచి అందులో రొట్టెలు కాల్తురు, కూరలు వండుదురు. ఇంగ్లండున అబ్రహాము డార్బీ అను పనివాడు హాలండు దేశపు పోత పనిని పరిశీలించి వచ్చి, ఇసుక అచ్చులలో ఇనుప కుండలు పోయు పద్ధతికి 1707లో పేటెంటు పొందెను. డచ్చివారి పేరు దీనికి అందువలననే వచ్చినదని చెప్పుదురు. అమెరికాకు వలసపోయినవారు బండ్లలో దీనిని కొనిపోయిరి.

పేరు క్రొత్తదే గాని పద్ధతి మనకు క్రొత్త గాదు. కోస్తా జిల్లాలలో మినపరొట్టెను, అనగా దిబ్బరొట్టెను, మందపు మూకుటిలో పోసి, మూతపై నిప్పులు వేసి కాల్చెడివారు. దానిని శిబిరమున చేయు విధమిది. ఒక గ్లాసు మినపప్పును నాలుగు గంటలు నానబెట్టి రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపు రవ్వను కడిగి నీరు పిండి అందులో కలిపి, రాత్రి యింటనే యుంచవలెను. ఉదయమున ఉప్పు, జీలకర్ర కలిపి మూతగల పాత్రలో కొనిపోవలెను. ఇనుప మూకుటిని మూడు రాళ్ళపై నుంచి, నాలుగైదు చెంచాల నూనె కాచి, పిండిని రెండు వ్రేళ్ళ మందమున పోయవలెను. అంచుగల ఇనుప పళ్ళెమును మూతగా నుంచవలెను. పలుచని అల్యూమినియము మూత నిప్పులకు వంకర పోవును, కరగవచ్చును గూడ.

ఇక నిప్పులను పంచవలెను. మూడు పాళ్ళు చేసి, ఒక పాలు క్రిందను, రెండు పాళ్ళు మూతపైనను పెట్టవలెను. పైన ఎక్కువ యెందుకన, అడుగు వేడి ఇనుము ద్వారా తిన్నగా పిండికి తగులును. పైవేడి నడుమనున్న గాలిని దాటి రావలెను. ఈ లెక్క తెలియక క్రిందనే నిప్పులు పోసినవారికి అడుగు బొగ్గు, పైభాగము పచ్చిపిండి లభించును. అరగంట సేపు నిప్పు సమముగా నున్నచో రొట్టె పైనను క్రిందను ఎర్రగా కాలును; తిరుగవేయ నక్కర లేదు. మూత తీయునపుడు పట్టకారుతో తిన్నగా పైకెత్తవలెను. వంచినచో బూడిద రొట్టెపై పడును.

వేడి తెలిసికొనుటకు చేయియే కొలమానము. నిప్పులకు జానెడు ఎత్తున అరచేయి చాచి, ఒకటి, రెండు అని నిదానముగా లెక్కింపవలెను. మూడులోపల చేయి తీయవలసివచ్చిన వేడి తీక్ష్ణము. నాలుగైదు వరకు ఆగిన మధ్యమము, రొట్టెకు తగినది. ఏడెనిమిది వరకు ఆగిన మందము, దుంపలకును మగ్గబెట్టుటకును తగినది.

ఉగ్గాని

సాయంకాలము ఇండ్లకు మరలుటకు ముందు వేగముగా చేయదగిన ఫలహారము ఉగ్గాని. బళ్ళారి, కర్నూలు, అనంతపురము సీమలకు ఇది సొంతము. బొరుగులను నీటిలో ముంచి వెంటనే పిండి యుంచవలెను. బాణలిలో నూనె కాచి, ఆవాలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, తరిగిన ఎర్రగడ్డలు, పసుపు, ఉప్పు వేసి వేగిన పిదప, బొరుగులు వేసి కలిపి, పుట్నాలపొడి చల్లి, నిమ్మరసము పిండి దించవలెను. పది నిమిషముల పని. కన్నడమున తాలింపును ఒగ్గరణె యందురు. ఈ ఫలహారమునకును ఇచ్చటి కన్నడిగులు అదే పేరు వాడుదురు. ఉగ్గాని యన్న మాటలో ఆ మాటయే వినబడుచున్నది.

పనుల పంపకము

వనభోజనమున వంట ఒకరి పని గాదు. ఎనిమిది మంది జట్టులో ఇద్దరు కట్టెలకు, ఇద్దరు నీటికి, ఇద్దరు తరుగుటకు, ఇద్దరు పొయ్యికి ఉండి, మరుమారు మారవలెను. బాలికలు వండుట, బాలురు తినుట అను పంపకము తగదు. అంట్లు తోముట అందరి వంతు. పాండవులు అజ్ఞాతవాసము చేసినపుడు వంటవాడైనవాడు భీముడు. అశ్వశాలలో పని చేయుచు రుచికరముగ వండినవాడు నలుడు. మన భాషలో మంచి వంటకు నలభీమపాకమని పేరు. వంట మగవారికి తగదనువారు ఈ మాటను స్మరింపవలెను. వండిన పిదప అందరు ఒకే పంక్తిలో కూర్చుండవలెను. ఏ కులము, ఏ మతము, ఇంట ఏ భాష అను ప్రశ్న పంక్తిలో లేకుండుటయే వనభోజనపు ఫలము.

నిప్పు ఆర్పుట

అన్నిటికంటె ముఖ్యమైనది చివరి పని. వంట చక్కగా చేసి నిప్పు సరిగ నార్పని జట్టునకు మార్కులు లేవనియే చెప్పవలెను. మాఘము దాటిన పిదప బళ్ళారి సీమలో గడ్డి ఎండి గాలి లేచును. ఒక్క రవ్వ చాలును. ఎండలు ముదిరిన మాసములలో ఆరుబయట నిప్పు పెట్టకుండుటయే వివేకము.

చాలమంది నిప్పుపై ఇసుక పోసి, ఆరినదనుకొని పోవుదురు. ఇసుక నిప్పును ఆర్పదు, దాచును. దాని క్రింద నిప్పు గంటల తరబడి వేడిగా నుండును. మరునాడు గొర్రెలు కాయు పిల్లవాడు చెప్పులు లేని కాలితో దానిపై అడుగుపెట్టవచ్చును. నివురు గప్పిన నిప్పు అను మాటను మనుష్యుల స్వభావమును చెప్పుటకు వాడుదుము. అది మొదట పొయ్యిని గూర్చిన హెచ్చరిక. నిప్పుపై నీరు పోయవలెను, కట్టెతో కలియబెట్టవలెను, మరల నీరు పోయవలెను. బుసబుస శబ్దము నిలిచిన పిదప చేతి వెనుకభాగమును మెల్లగా దగ్గరకు తెచ్చి చూడవలెను. వేడి తగులకున్నప్పుడే నిప్పు ఆరినట్లు. రాళ్ళను వేరుచేసి, గాడిని పూడ్చి, చెత్తను సంచిలో వేసికొని మరలవలెను.

మరికొన్ని జాగ్రత్తలు: పొయ్యి యొద్ద నూలు వస్త్రములే ధరింపవలెను, నైలాను అంటుకొని చర్మమునకు కరచును. కొంగులు, ఓణీలు బిగించుకొనవలెను. చలియని గుడారములోనికి నిప్పుల కుంపటి కొనిపోరాదు. దానినుండి వెలువడు కార్బను మోనాక్సైడు వాయువు వాసన లేకుండ ప్రాణము తీయును. చేయి కాలినచో వెంటనే చల్లని నీటి ధార క్రింద ఇరువది నిమిషము లుంచవలెను. సిరా, పండ్లపొడి, పేస్టు, నూనె పూయరాదు. బొబ్బలు చిదుపరాదు. గాయము పెద్దదైన వైద్యుని యొద్దకు కొనిపోవలెను.

విద్యార్థులారా! రాబోవు కార్తీకమున మీరు వనభోజనమునకు పోవునపుడు ఒక చిన్న పుస్తకము కొనిపొండు. మీ యింట అవ్వను గాని, తాతను గాని వెంట బెట్టుకొని పొండు. వారు పొయ్యి పెట్టుచు పలుకు ప్రతి మాటను వ్రాసికొనుడు. తెలుగు మాట ఒక ప్రక్కను, కన్నడము మాట మరియొక ప్రక్కను వ్రాయుడు. అన్నము ఒకవేళ కొంచెము మాడినను మరల వండుకొనవచ్చును. ఆ మాటలు చెప్పువారు ఉన్నప్పుడే వానిని వ్రాసికొనవలెను.